ఆ మలుపు దగ్గర స్పీడ్ తగ్గాలంటే

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అంగన్‌వాడీ మలుపు దగ్గర బైకు గుద్దిన పిల్లాడికి ఆపరేషన్ బాగా జరిగిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పటిదాకా టెన్షన్‌గానే ఉంది. కాలనీ కుర్రాళ్లు చందాలు వేసుకుని, రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా సిమెంటు దిమ్మ పోద్దామంటున్నారని నువ్వు మెసేజ్ పెట్టావు. ముందు వాళ్లను ఆపమ్మా. వాళ్ల కోపం న్యాయమైనదే, కానీ ఆ దిమ్మ ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుంది.

ఆర్ అండ్ బీలో, అంటే రోడ్లు భవనాల శాఖలో, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి దిమ్మలు చాలా చూశాను. జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు, రంగుండదు, బోర్డుండదు. రాత్రిపూట తెలియనివాడు బైకు మీద వస్తే, వెనక ఒక పక్కకు కూర్చున్న ఆడమనిషి ఎగిరి రోడ్డు మీద పడుతుంది. నెలలు నిండిన మనిషిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్ల సంగతి ఆలోచించు. సరైన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లే, వెడల్పు మాత్రం 3.7 మీటర్లు, అంటే దాదాపు పన్నెండు అడుగులు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 99 కోడ్ చెప్పే కొలత అది. గంటకు 25 కిలోమీటర్లలో వెళ్తే ఒంటికి పెద్దగా తెలియదు, జోరుగా వస్తే మాత్రం కుదుపు తప్పదు. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, బ్రేకర్ పైన నలుపు తెలుపు పట్టీలు కూడా ఉండాలి. అర్జీలో ఈ కొలతలు రాయండి. లేకపోతే మీరు అడిగిన బ్రేకర్ పేరుతో మళ్లీ ఓ దిమ్మే వస్తుంది.

అర్జీ కంటే ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. కార్పొరేషన్‌దా, ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా? తప్పు ఆఫీసులో ఇచ్చిన కాగితం అక్కడే పడి ఉంటుంది. నేషనల్ హైవే అయితే స్పీడ్ బ్రేకర్ వేయరు, దారి వేరే. మీది కాలనీ రోడ్డు కాబట్టి మున్సిపల్ ఇంజినీరింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) అడిగితే తేలిపోతుంది.

తర్వాత స్పీడ్ కొలవండి. “బండ్లు విపరీతమైన స్పీడుతో పోతున్నాయి” అని ప్రతి కాలనీ వాళ్లూ రాస్తారు. అంకె ఉన్న కాగితాన్ని పక్కన పడేయడం కష్టం. టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. ముందు చక్రం మొదటి గీత దాటగానే ఒకరు చెయ్యి దించాలి. రెండో గీత దగ్గర ఉన్నవాళ్లు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, బండి దాటగానే ఆపాలి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మూడు సెకన్లలో దాటిందంటే 60, ఆరు సెకన్లయితే 30. ఇద్దరూ డ్రైవర్ల కంటపడకుండా గోడవార నిలబడండి, మనుషుల్ని చూస్తే వాళ్లు తగ్గిస్తారు. బడి వేళ ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి చూడండి. 50లో ఉన్న బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. పిల్లాడు కనబడి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం అయిపోతుంది. ఇది కూడా అర్జీలో రాయి.

ఆ మలుపు నాకు గుర్తుంది. నువ్వొకసారి అంగన్‌వాడీ గేటు ముందు మోకాళ్ల మీద కూర్చుని, మూడేళ్ల పిల్లాడి ఎత్తు నుంచి రోడ్డు చూడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్క కానుగ కొమ్మలు, ఇస్త్రీ బండి, ఎవరో ఇల్లు కడుతూ పోసుకున్న ఇసుక కుప్ప తప్ప ఏమీ కనబడదు. వచ్చే బండివాడికీ పిల్లాడు కనబడడు. కొమ్మలు కొట్టించడానికి, ఇసుక తీయించడానికి, ఇస్త్రీ అతన్ని బతిమాలి పది గజాలు జరిపించడానికి ఎస్టిమేట్ అక్కర్లేదు. ఈ వారంలోనే చేసేయండి. బ్రేకర్ వచ్చేదాకా పిల్లలకు అదే రక్ష.

కాలనీలో జరిగిన ప్రమాదాలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. మనవాళ్లు చాలావరకు రాజీ పడిపోతారు, కేసు ఉండదు. కేసు లేకపోతే రికార్డులో ప్రమాదమే లేదు. తేదీ, వేళ, ఏ బండి, ఎవరికి ఏమైందీ రాసి, ఆసుపత్రి చీటీల జిరాక్స్ జత చేయండి. ఈ పిల్లాడి విషయంలో మాత్రం ఫిర్యాదు తప్పకుండా ఇప్పించు.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. బ్రేకర్ ఒక్కటే కాకుండా గేటు దగ్గర ఎత్తుగా కట్టిన జీబ్రా క్రాసింగ్, బడి బోర్డు, వీధి దీపం కూడా అడగండి. ఇళ్ల మధ్య రంబుల్ స్ట్రిప్స్ (వరసగా వేసే సన్నటి గట్లు) అడగకండి, ఆ చప్పుడుకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. కమిషనర్ ఆఫీసులో ఇచ్చి, కాగితం అందినట్టు వేసే ఇన్వార్డ్ నంబర్ తీసుకోండి. ఒక కాపీ ట్రాఫిక్ పోలీసులకు, ఒకటి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టర్‌కు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే చైర్మన్, అందులో చర్చకు పెట్టమని రాయండి. కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి, ఫైలు ఎక్కడుందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఏ సెక్షన్ మోటారు వాహనాల చట్టంలోకి 2019లో వచ్చింది. దాన్ని మొదటి కాగితంలోనే రాయకండి. సాయం చేద్దామనుకున్న ఏఈ కూడా బిగుసుకుపోతాడు.

అసలు గొడవ కాలనీ లోపలే వస్తుంది. బ్రేకర్ కావాలని అందరూ అంటారు, మా ఇంటి ముందు వద్దని అందరూ అంటారు. లారీ ఎగిరితే వచ్చే చప్పుడు నిజమే కాబట్టి వాళ్లను తప్పుపట్టకు. ఏఈ వచ్చే రోజుకు ముందే ఆ నాలుగైదు ఇళ్లకూ వెళ్లి మాట్లాడి, సంతకాలు తీసుకోండి. చూడటానికొచ్చిన అధికారి ముందు మనలో మనం కొట్లాడుకుంటే ఆయన నోట్ రాసి పక్కన పెట్టేస్తాడు. స్పీడుగా పోయేవాళ్లలో మన కాలనీ కుర్రాళ్లూ ఉంటారు. వాళ్లకే స్టాప్‌వాచ్ ఇవ్వు.

పని జరిగేటప్పుడు ఒకరు టేపుతో దగ్గరుండండి. రంగు వెలిసిపోతే మళ్లీ వేయమని అడగాలి. రేపు కొత్తగా తారు వేస్తే బ్రేకర్ అందులో కలిసిపోతుంది, అప్పుడు పాత ఫైలు నంబరే పనికొస్తుంది, దాచిపెట్టు.

అర్జీ రాసి, ఇచ్చే ముందు నాకు వాట్సాప్‌లో పంపు. కొలతలు చూసి చెప్తాను.

మీ పెదనాన్న