బీటెక్ చదువుతున్న మా తమ్ముడు విదేశీ బాస్కెట్‌బాల్ లీగుల్లో ఆడాలంటున్నాడు, అయ్యే పనేనా?

మీ తమ్ముడు ఒంగోల్లో బీటెక్ సెకండియర్, హైట్ 6 అడుగుల 3 అంగుళాలు, అమెరికా కాలేజీకి పొయ్యి అక్కణ్ణించి ఎన్‌బీఏ (అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్), కుదరకపోతే యూరప్ అంటున్నాడు, ఇంట్లో ఏం చెప్పాలో తెలీట్లేదు అని అడిగారు. నేను నెల్లూరులో స్కూల్ రోజుల నుంచి ఆడినోణ్ణి, యూనివర్సిటీ టీమ్‌కి ఆడా, తర్వాత చెన్నైలో ఉద్యోగం చేసుకుంటా క్లబ్ మ్యాచ్‌లు ఆడా, ఇప్పుడు నెల్లూరులో పొద్దున పూట పిల్లలకి నేర్పిస్తా ఉండా. నాకు తెలిసినంత చెప్తా.

ముందు ఆ "కుదరకపోతే యూరప్" అనే మాట మానుకోమనండి. అమెరికాలో డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటలో పై స్థాయి, ఆ కాలేజీలే 350కి పైన ఉండాయి, ఒక్కో టీమ్‌లో పది పదిహేను మంది, ఎన్‌బీఏ టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ చూస్తే రెండే రౌండ్లు, మొత్తం అరవై మందికి అటూ ఇటూ, అందులో కూడా కొందరు యూరప్ నుంచి నేరుగా వచ్చినోళ్ళు. మరి కాలేజీలో బాగా ఆడిన మిగతా వాళ్ళంతా యాడికి పోతారు? స్పెయిన్, టర్కీ, ఇటలీ, గ్రీస్, జర్మనీ, ఇజ్రాయెల్, చైనా, జపాన్, ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్. అక్కడ పదేళ్ళు పన్నెండేళ్ళు ఆడి ఇల్లు కట్టుకుని పిల్లల్ని చదివించుకునే వాళ్ళు బోలెడుమంది. అది ఓడిపోయినోళ్ళు పొయ్యే చోటు కాదు.

ఆంథోనీ పార్కర్ అనే అమెరికా ఆటగాడి సంగతి చూడమనండి. బ్రాడ్లీ యూనివర్సిటీలో ఆడి 1997 డ్రాఫ్ట్‌లో 21వ పిక్, అంటే 21వ వాడిగా ఎంచుకున్నారు, ఫస్ట్ రౌండే. అయినా ఎన్‌బీఏ టీమ్‌లు ఫిలడెల్ఫియాలో, ఓర్లాండోలో ఆయనకి కోర్టు మీద దొరికిన టైమే తక్కువ. 2000లో ఇజ్రాయెల్ పొయ్యి మకాబీ టెల్ అవీవ్‌లో చేరాడు, మధ్యలో ఒక సీజన్ రోమ్‌లో ఆడి మళ్ళీ మకాబీకే వచ్చాడు, 2004, 2005లో టీమ్ వరసగా యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ యూరోలీగ్ గెలిచింది, ఆయన 2005, 2006 రెండేళ్ళూ యూరోలీగ్ ఎంవీపీ, అంటే ఆ సీజన్‌కి బెస్ట్ ప్లేయర్. అప్పుడు టొరంటో వాళ్ళు పిలిచి తీసుకున్నారు, ఇంకో ఆరు సీజన్లు ఎన్‌బీఏలో ఆడి 2012లో రిటైరయ్యాడు. డ్రాఫ్ట్ అయినప్పుడు రానిది యూరప్‌లో ఆడాక వచ్చింది ఆయనకి.

ఇక మీ తమ్ముడి విషయం. అమెరికా కాలేజీ దారి ఇప్పటికే కొంచెం లేటు. డివిజన్ వన్‌లో నాలుగు సీజన్లు ఆడటానికి ఐదేళ్ళ టైమ్ ఇస్తారు, ఆ లెక్క అమెరికాలో చేరిన రోజు నుంచి కాదు, ప్రపంచంలో ఎక్కడైనా ఫుల్ టైమ్ కాలేజీలో చేరిన రోజు నుంచే మొదలవుతుంది. అంటే ఒంగోల్లో బీటెక్‌లో చేరినప్పుడే మొదలైపోయింది. ఈ మధ్య అక్కడ రూల్స్ తరచూ మారుతున్నాయి కాబట్టి అక్కడి కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సైట్‌లో ఒకసారి చూసుకోమనండి, కానీ బీటెక్ అయ్యాక పోతా అనుకుంటే మాత్రం కష్టం. మన దేశం నుంచి అమెరికాలో చదువుకుంటా ఆడాలని పోయినోళ్ళు చిన్నప్పుడే పోయినోళ్ళు. సత్నామ్ సింగ్ పద్నాలుగు పదిహేనేళ్ళకే ఫ్లోరిడాలో ఐఎంజీ అకాడమీకి పొయ్యాడు, 2015లో ఎన్‌బీఏ టీమ్ డాలస్ 52వ పిక్‌గా తీసుకుంది, అంత చేసినా ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

మన పిల్లలకి అందే దారి ఇంకోటి ఉంది, అది ఇండియా టీమ్ మీదుగా పోతుంది. 2014లో చైనాలోని వుహాన్‌లో ఆసియా కప్‌లో ఇండియా చైనాని 65-58తో కొట్టింది, అప్పుడు మేమంతా ఫోన్లలో స్కోరు చూసుకుని ఎగిరి గంతేశాం. ఆ టీమ్‌లో ఆడిన అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ తర్వాత జపాన్‌లో ఆడారు, 2017లో అమృత్‌పాల్‌ని ఆస్ట్రేలియాలో సిడ్నీ కింగ్స్ తీసుకుంది, అదే ఏడు అమ్‌జ్యోత్ అమెరికాలో ఎన్‌బీఏ కింది లీగ్ అయిన జీ లీగ్‌కి పొయ్యాడు. వీళ్ళెవరూ అమెరికా కాలేజీలో ఆడినోళ్ళు కాదు. మనకి దగ్గర్లోనే చెన్నైలో సదరన్ రైల్వేకి ఆడిన గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ క్లబ్‌కి ఆడింది, 2011లో అమెరికా ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ టీమ్‌ల ట్రయల్స్‌కి కూడా పోయొచ్చింది. క్లబ్ వాళ్ళు మీ వాడి సర్టిఫికెట్లు చూడరు, గట్టి టీమ్ మీద ఆడిన వీడియో చూస్తారు, జిల్లా మ్యాచ్‌లో నలభై పాయింట్లు కొట్టిన వీడియో చూసి ఎవరూ పిలవరు.

అసలు చెప్పాల్సింది ఇది. మన దగ్గర ఆరడుగుల మూడంగుళాలోణ్ణి తీసకపొయ్యి బుట్ట కింద నిలబెడతారు, రీబౌండ్ పట్టు, పక్కోడికి ఇయ్యి, అంతే. నెల్లూరులోనూ ఒంగోల్లోనూ నేను చూస్తానే ఉండా, పొడుగు పిల్లోళ్ళకి డ్రిబ్లింగ్ నేర్పించే నాథుడే లేడు. బయట దేశంలో ఆ హైట్ అంటే గార్డ్, అంటే బాల్ నడిపించేవాడు, దూరం నుంచి వేసేవాడు. ఎడం చేత్తో బాల్ తీసకపోలేని, దూరం నుంచి వెయ్యలేని గార్డ్‌ని ఎవరూ డబ్బిచ్చి తెచ్చుకోరు. పైగా ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా రూల్స్‌లో డిఫెన్స్ వాడు మూడు సెకన్లు దాటి బుట్ట కింద ఉండకూడదనే ఎన్‌బీఏ రూల్ లేదు, ఏడడుగులోడు అక్కడే గోడ లాగా నిలబడి ఉంటాడు, లోపలికి దూరడం అంత తేలిక కాదు, అందుకే త్రీ పాయింట్ షూటింగ్‌కి అంత విలువ. ఆ త్రీ పాయింట్ లైన్ బుట్టకి ఎంత దూరంలో ఉందో కూడా కొలిపించండి. ఫిబా 2010లో 6.25 మీటర్ల నుంచి 6.75కి జరిపింది, మన పాత సిమెంట్ కోర్టుల్లో ఇంకా పాత గీతే ఉన్నవి నేను చూశా, అర మీటరు దగ్గర నుంచి ఏళ్ళ తరబడి అలవాటు పడితే చెన్నై ట్రయల్స్‌లో బాల్ రింగ్ దాకా పోదు. టేపు పెట్టి కొలిచి సుద్దతో గీసుకోమనండి, వానలకి పోతే మళ్ళీ గీసుకోమనండి.

అక్కడి బతుకు గురించి కూడా ఇంట్లో వాళ్ళకి తెలియాలి. కాంట్రాక్ట్ ఎక్కువగా ఒక సీజన్‌కే, ఎనిమిది పది నెలలు. మామూలుగా ఫ్లాట్, విమానం టికెట్లు క్లబ్బే ఇస్తది, చాలా చోట్ల కారు కూడా. టీమ్‌కి ఇంతమందే విదేశీయులు అని లిమిట్ ఉంటది కాబట్టి వరసగా నాలుగు మ్యాచ్‌లు బాగా ఆడకపోతే మధ్యలోనే పంపించి ఇంకోణ్ణి తెచ్చుకుంటారు. చెన్నైలో మాతో ఆడిన ఒక అన్న మాల్దీవుల్లో ఒక సీజన్ ఆడొచ్చాడు, ఆయన చెప్పింది అదే, ఇంట్లో ఆడేటప్పుడు నువ్వు టీమ్‌లో ఒకడివి, అక్కడ ఓడిన ప్రతి మ్యాచ్‌కీ ముందు విదేశీయుణ్ణే చూస్తారు అని. జీతం ఎగ్గొట్టే క్లబ్‌లు కూడా ఉండాయి. అందుకే ఫిబా 2007లో స్విట్జర్లాండ్‌లో బ్యాట్ అనే ట్రిబ్యునల్ పెట్టింది, కాంట్రాక్ట్‌లో గొడవొస్తే బ్యాట్‌కి పోతాం అని రాసుంటేనే అక్కడ కేసు నడుస్తది, సంతకం పెట్టే ముందు ఆ లైన్ ఉందో లేదో చూడాల.

ఏజెంట్ సంగతి మాత్రం బాగా గుర్తు పెట్టుకోండి. మా గ్రౌండ్‌లో ఆడిన ఒక పిల్లోడి దగ్గర యూరప్‌లో ట్రయల్స్ ఇప్పిస్తా అని ఒకడు ముందుగానే డబ్బు తీసుకున్నాడు, వాళ్ళ నాయన రొయ్యల గుంట మీద అప్పు తెచ్చి ఇచ్చాడు, వీసా రాలా, డబ్బు రాలా, ఆ పిల్లోడు బాల్ ముట్టుకోవడమే మానేశాడు. నాకిప్పటికీ తల్చుకుంటే కడుపు రగులుతుంది. నిజమైన ఏజెంట్‌కి ఫిబా లైసెన్స్ ఉంటది, పేరు ఫిబా సైట్‌లో వెతకొచ్చు, వాడి కమిషన్ కాంట్రాక్ట్ కుదిరాకే, అదీ చాలా సార్లు క్లబ్బే కడతది. ముందు డబ్బు అడిగినోడితో మాటలే వద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది, ఈ ఏడు యూనివర్సిటీ సెలక్షన్స్‌కి పొయ్యి యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీ ఆడే టీమ్‌లో చేరాల. సెలవుల్లో చెన్నై పోవాల, ఒంగోలు నుంచి పినాకిని రైల్లో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాడు, అక్కడ కాలేజీ టీమ్‌లు, బ్యాంకు టీమ్‌లు, రైల్వే వాళ్ళు ఆడే స్థాయి కళ్ళారా చూడాల. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే వదులుకోవద్దు, ఇండియాకి ఆడినోళ్ళలో చాలామంది రైల్వేలోనో ఓఎన్‌జీసీలోనో జీతం తీసుకుంటా ఆడినోళ్ళే. బీటెక్ మాత్రం ఆపొద్దని చెప్పండి, యూనివర్సిటీ టీమ్‌కి ఆడాలంటే కాలేజీలో స్టూడెంట్‌గా ఉండాల్సిందే.