ఇంట గెలుపుకు 0.6, రచ్చ గెలుపుకు 1.4

మార్చి నెల వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన పాఠకుల నుంచి, వారి పిల్లల కబుర్లు వినే ఇక్కడి పాఠకుల నుంచి బాస్కెట్‌బాల్ ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాము. నాలుగూ టీవీలో కనిపించే పెద్ద జట్ల గురించి కాక, చిన్న కళాశాలల టోర్నీల గురించి అడిగినవే.

ప్రశ్న: ‘చిన్న కళాశాలల బాస్కెట్‌బాల్’ అని అమెరికాలో అంటుంటారు. విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉన్న కళాశాలలు అనేనా దాని అర్థం? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మొదట్లో అదే అర్థం. ఇప్పుడు అది ఆట మీద డబ్బు పెట్టే తీరును బట్టి వాడే మాటగా మారింది. అక్కడి కళాశాల క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ 1957లో బాస్కెట్‌బాల్‌ను యూనివర్సిటీ డివిజన్, కాలేజ్ డివిజన్ అని రెండుగా విడదీసి, 1973లో సభ్య సంస్థలన్నింటినీ మూడు డివిజన్లుగా సర్దింది. నాలుగు వందలకు పైగా సంస్థలున్న మూడవ డివిజన్‌లో ఆటను చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీలులేదు. ఎన్‌సీఏఏతో సంబంధం లేకుండా ఎన్ఏఐఏ అనే మరో సంస్థ కూడా ఉంది. దాని సభ్యులలో ఎక్కువ భాగం చిన్న ఊళ్ళలోని ప్రైవేటు కళాశాలలే.

సంఖ్యకూ ఈ మాటకూ సంబంధం ఎంత తెగిపోయిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. యాభై వేలకు పైగా విద్యార్థులు చదివే న్యూయార్క్ యూనివర్సిటీ ఉన్నది మూడవ డివిజన్‌లోనే. ఆ విశ్వవిద్యాలయ మహిళల జట్టు 2024లోనూ 2025లోనూ ఒక్క ఓటమి కూడా లేకుండా జాతీయ విజేతగా నిలిచింది. తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం కూడా ఇటీవలి వరకు మూడవ డివిజన్‌లోనే ఆడింది.

ప్రశ్న: మా అమ్మాయి ఒహాయోలోని ఒక చిన్న కళాశాలలో చదువుతోంది. వారి పురుషుల జట్టు జాతీయ ర్యాంకులలో మొదటి పది స్థానాలలో ఉన్నా, జాతీయ టోర్నీ తొలి వారాంతంలో వేరే కళాశాలకు వెళ్ళి ఆడవలసి వచ్చింది, అక్కడే ఓడిపోయింది. ఆతిథ్యం ఇచ్చిన కళాశాల ర్యాంకు వీరికంటే చాలా కింద ఉంది. ఇక ర్యాంకులు ఎందుకండీ? (ఒక తల్లి, కొలంబస్)

జవాబు: మీ బాధ అర్థమైంది కానీ, అమ్మా, ముందు మీరు ఏ ర్యాంకు గురించి చెబుతున్నారో తేల్చుకోవాలి. మూడవ డివిజన్‌లో అందరి నోటా నానే ‘టాప్ 25’ జాబితాను ప్రకటించేది డీ3హూప్స్ అనే వెబ్‌సైటు. కోచ్‌లు, కళాశాలల క్రీడా సమాచార అధికారులు, విలేకరులు కలిసి పాతిక మంది వారం వారం వేసే ఓట్లతో అది తయారవుతుంది. టోర్నీకి జట్లను ఎంపిక చేసే ఎన్‌సీఏఏ కమిటీకి ఆ జాబితాతో పని లేదు. మీ కళాశాల గోడ మీద వేలాడే ర్యాంకు అభిమానులది. కమిటీ చేతిలోని కాగితం మీద ఉండే వరుస వేరు.

ఆ కాగితం మీది వరుస మాత్రం ఎలా వస్తుంది? పురుషుల టోర్నీలో ఆడే 64 జట్లలో ఎక్కువ భాగం తమ తమ కాన్ఫరెన్సుల (సీజన్ అంతా తమలో తాము ఆడుకునే కళాశాలల కూటముల) విజేతలుగా నేరుగా వచ్చేస్తాయి. మిగిలిన కొద్ది స్థానాల కోసం ఒకప్పుడు గెలుపు శాతం, ప్రత్యర్థుల బలం, ముఖాముఖి ఫలితాలు, ప్రాంతీయ ర్యాంకు ఉన్న జట్లపై ఆడిన తీరు వంటివన్నీ ముందు పెట్టుకుని కమిటీ చర్చించేది. 2024-25 సీజన్ నుంచి ఎన్‌సీఏఏ పవర్ ఇండెక్స్ అనే లెక్క ఆ పని చేస్తోంది. మ్యాచ్ ఫలితాన్నీ ప్రత్యర్థి బలాన్నీ కలిపి ప్రతి ఆటకు ఒక విలువ కట్టి, వాటి సగటు తీస్తారు. మరీ బలహీనమైన జట్టుపై గెలిచినందువల్ల సగటు పడిపోయే పరిస్థితి వస్తే, ఒక కనీస సంఖ్య దాటిన తరువాత అటువంటి గెలుపును లెక్కలోంచి తీసేస్తారు. గెలిచి నష్టపోవడం అనే వింత అంతకుముందు చాలా జట్లకు అనుభవమే.

ఓటు వేసేవారిని తప్పుపట్టడానికి కూడా లేదు. ఒక్కో జట్టు సీజన్‌లో ఆడేవి పాతిక మ్యాచ్‌లు. వాటిలో చాలా వరకు బస్సు ప్రయాణానికి అందే దూరంలోని ప్రత్యర్థులతోనే. న్యూ ఇంగ్లండ్ జట్టు, విస్కాన్సిన్ జట్టు మార్చిలోపు ఎదురుపడటమే అరుదు కాబట్టి, ఏది గట్టిదని అడిగితే ఎవరైనా ఊహించి చెప్పవలసిందే. విస్కాన్సిన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కాన్ఫరెన్సునే చూడండి. ప్లాట్‌విల్, స్టీవెన్స్ పాయింట్, వైట్‌వాటర్ జట్లు తలా నాలుగుసార్లు, ఆష్‌కాష్ 2019లో ఒకసారి జాతీయ విజేతలయ్యాయి. అంత గట్టి జట్లు సీజన్ అంతా తమలో తాము కొట్టుకుంటాయి కనుక, అక్కడ మూడవ స్థానంలో ఉన్న జట్టు ఖాతాలో కూడా ఆరేడు ఓటములు ఉండవచ్చు. బలహీనమైన కాన్ఫరెన్సులో రెండే ఓటములతో వచ్చిన జట్టు ఓటర్ల కంటికి దానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది.

ఇక ఆతిథ్యం సంగతి. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. తొలి వారాంతంలో నాలుగేసి జట్లు ఒక కళాశాల కోర్టులో కలుస్తాయి. శుక్రవారం రెండు మ్యాచ్‌లు, గెలిచిన వారికి శనివారం మరొకటి. సుమారు 500 మైళ్ళలోపు దూరమైతే జట్టు బస్సులో వెళ్ళాలి. అది దాటితేనే విమానం. 500 మైళ్ళంటే 800 కిలోమీటర్లు, ఇంచుమించు శ్రీకాకుళం నుంచి తిరుపతికి వెళ్ళినంత. మూడవ డివిజన్‌కు సొంత టీవీ ఆదాయం లేదు కాబట్టి విమానాలు ఎంత తక్కువైతే అంత మంచిదని కమిటీ చూస్తుంది. అంటే ర్యాంకు ఎంత ముఖ్యమో పటం కూడా అంతే ముఖ్యం. చుట్టుపక్కల నాలుగు అర్హత గల జట్లున్న కళాశాల ఆతిథ్యానికి అనుకూలంగా కనిపిస్తుంది. అంతకంటే మంచి జట్టు అయినా విసిరేసినట్టు ఒక మూలన ఉంటే దానికి బస్సు తప్పదు. టెక్సస్ జట్లు, పశ్చిమ తీరపు జట్లు ఏటా తొలి అంచెలోనే ఒకదానినొకటి ఎదుర్కొని ఇంటిముఖం పట్టడానికి కారణం ఇదే. ఎవరో కక్షగట్టారని అక్కడి అభిమానులు అనుకుంటారు గానీ, చాలాసార్లు అది ప్రయాణ ఖర్చు లెక్కే.

మీ విషయంలో మరో సంగతి కూడా విచారించండి. ఒకే కళాశాల పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ ఆతిథ్యానికి అర్హత పొందినప్పుడు, ఉన్న ఒక్క వ్యాయామశాలలో ఒకే వారాంతం రెండు టోర్నీలు జరపడం కుదరదు. అప్పుడు ఎవరికి ప్రాధాన్యమన్నది ఏడాదికోసారి మారుతుంది. ఆ ఏడు వంతు మహిళల జట్టుదైతే, పురుషుల జట్టు ర్యాంకు ఎంతైనా సామాను సర్దుకోవలసిందే.

ప్రశ్న: ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కానీ అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఇంట గెలిచిన గెలుపుకు తక్కువ విలువ కడతారని చదివాను. నిజమేనా? సొంతగడ్డ అనుకూలత అంత పెద్దదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: నిజమే. సామెత చెప్పిన వరుస సరైనదే అయినా, అక్కడి లెక్కల మాస్టార్లు రచ్చ గెలుపునే ఎక్కువగా తూచారు. మొదటి డివిజన్‌లో జట్ల స్థాయిని కొలిచే ఆర్‌పీఐ అనే సూత్రంలో 2004-05 నుంచి సొంత కోర్టులో గెలుపును 0.6గా, బయటి కోర్టులో గెలుపును 1.4గా, తటస్థ వేదికపై గెలుపును 1గా లెక్కించారు. ఓటమికి ఇది తిరగబడుతుంది. ఇంట్లో ఓడితే 1.4, బయట ఓడితే 0.6. 2018-19లో దాని స్థానంలోకి వచ్చిన నెట్ అనే ర్యాంకింగు కూడా అదే మాటను ఇంకో విధంగా చెబుతుంది. సొంత కోర్టులో 30వ ర్యాంకు వరకు ఉన్న జట్టుపై గెలుపు, తటస్థ వేదికపై 50వ ర్యాంకు వరకు ఉన్న జట్టుపై గెలుపు, బయటి కోర్టులో 75వ ర్యాంకు వరకు ఉన్న జట్టుపై గెలుపు ఒకే తరగతి కిందకు వస్తాయి. సొంతగడ్డ విలువ ఎంత అన్న మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

పాయింట్లలో చెప్పాలంటే, సమాన బలం ఉన్న రెండు కళాశాల జట్లలో ఇంటి జట్టుకు మూడు పాయింట్ల మొగ్గు ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. మూడు పాయింట్లు అంటే గీత వెనుక నుంచి వేసిన ఒక్క బంతి. ఇంటి జట్ల గెలుపు శాతం మాత్రం ఈ అంచనా కంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద కళాశాలలు సీజన్ ఆరంభంలో చిన్న కళాశాలలకు డబ్బిచ్చి మరీ తమ కోర్టుకు పిలిపించుకుని ఓడిస్తాయి. ఆ గెలుపులో గడ్డ బలం కంటే జేబు బలం ఎక్కువ. ఆర్‌పీఐలో బయటి గెలుపుకు విలువ పెంచడంలో ఒక ఉద్దేశం, పెద్ద జట్లను ఇల్లు కదిలేలా చేయడమే.

కారణం ఏమిటన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ప్రేక్షకుల అరుపులకు ప్రత్యర్థి చేయి వణుకుతుందని మనం అనుకుంటాము కానీ, అమెరికా వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఎన్‌బీఏ లెక్కలలో ఇంటి జట్టు, బయటి జట్టు ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేసే బంతులు) వేసే శాతం ఇంచుమించు ఒకటే. బుట్ట వెనుక వేలమంది చేతులూపుతున్నా, పడవలసిన బంతి పడుతూనే ఉంది. అందుకే పరిశీలకులలో కొందరు వేలు చూపేది రెఫరీల వైపు. అన్యాయం చేయాలన్న తలంపు లేకపోయినా, అటో ఇటో తేల్చలేని ఫౌల్ విషయంలో వేల గొంతుల ఒత్తిడి ఈల ఊదే మనిషి మీద పడుతుందన్నది వారి వాదన. ప్రేక్షకులు లేకుండానో, చాలా తక్కువ మందితోనో ఎక్కువ మ్యాచ్‌లు జరిగిన 2020-21 ఎన్‌బీఏ సీజన్‌లో ఇంటి జట్ల గెలుపు శాతం 54 దగ్గరకు దిగింది. ఒకప్పుడు అది 60 చుట్టూ ఉండేది. అయితే అంతకు ముందు నుంచే ఆ శాతం తగ్గుతూ వస్తోంది కాబట్టి, మొత్తం ఘనతను ఖాళీ కుర్చీలకే ఇవ్వడానికి మనసొప్పదు.

చిన్న కళాశాలల దగ్గర నేను ప్రయాణానికి ఎక్కువ బరువు ఇస్తాను. పెద్ద జట్లు ప్రత్యేక విమానంలో వెళ్ళి హోటల్‌లో దిగుతాయి. ఇక్కడ ఆటగాడు మధ్యాహ్నం తరగతి ముగించుకుని బస్సెక్కి, మూడు గంటలు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, దిగీ దిగగానే ఆడి, అర్ధరాత్రి దాటాక గదికి చేరతాడు. ఇంటి జట్టు కుర్రవాడు తన మంచం మీద నిద్రపోయి, తన మెస్సులో తిని వచ్చినవాడు. ఆమ్‌హర్స్ట్ కళాశాల మహిళల జట్టు సొంత కోర్టులో ఒకప్పుడు వరుసగా 121 మ్యాచ్‌లు గెలిచింది. అది ముందుగా మంచి జట్టు, ఆ తరువాతే మంచి ఇల్లు. కానీ ఇల్లు కూడా తోడుంటేనే అంత పెద్ద సంఖ్య వస్తుంది.

ప్రేక్షకులను మరీ కొట్టిపారేశానని అనుకోకండి. ఇండియానాలోని అప్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్ళో టేలర్ యూనివర్సిటీ ఉంది. ప్రతి డిసెంబరులో సెమిస్టర్ పరీక్షల ముందు శుక్రవారం జరిగే మ్యాచ్‌కు అక్కడి విద్యార్థులు రకరకాల వేషాలతో వచ్చి, తమ జట్టు పదవ పాయింట్ వేసేదాకా నోరు మెదపకుండా కూర్చుంటారు. ఆ పాయింట్ పడగానే పైకప్పు లేచిపోయేంత కేకలు. అర్కన్సాలోని జాన్ బ్రౌన్ యూనివర్సిటీలో వేడుక ఇంకో రకం: సీజన్‌లో సొంత కోర్టులో తొలి బుట్ట పడగానే టాయిలెట్ పేపర్ చుట్టలు వేలకొద్దీ కోర్టు మీదికి విసరడం ఏళ్ళనాటి ఆనవాయితీ. దానికి శిక్షగా ఇంటి జట్టుకు టెక్నికల్ ఫౌల్ పడి ప్రత్యర్థికి ఫ్రీ త్రోలు దక్కుతాయి. సొంతగడ్డ ప్రతికూలతకు నాకు తెలిసిన ఏకైక ఉదాహరణ అదే.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఈ ఆతిథ్యం గొడవలన్నీ ఎందుకు? అన్ని జట్లనూ ఒకే తటస్థ నగరానికి పిలిచి ఆడిస్తే సరిపోదా? (కాకినాడ)

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన పద్ధతి దాదాపు ఎనభై ఏళ్ళు నడిచింది. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నేస్మిత్, బేకర్ యూనివర్సిటీకి చెందిన ఎమిల్ లిస్టన్ తదితరులు కలిసి చిన్న కళాశాలల కోసం 1937లో కాన్సాస్ సిటీలోని మునిసిపల్ ఆడిటోరియంలో ఎనిమిది జట్లతో టోర్నీ పెట్టారు. మరుసటి ఏటికే అది 32 జట్లయింది. ఒకే భవనంలో వారం రోజులపాటు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆటలు; విజేత కావాలంటే అయిదు మ్యాచ్‌లు గెలవాలి. ఎన్ఏఐఏ పుట్టింది ఆ టోర్నీలోంచే. 1994 నుంచి 2001 వరకు టల్సా నగరానికి వెళ్ళినా, మళ్ళీ కాన్సాస్ సిటీకే తిరిగివచ్చింది.

అయితే తటస్థ వేదిక అందరికీ తటస్థం కాదని ఆ టోర్నీ చరిత్రే చెబుతుంది. 1947లో ఇండియానా స్టేట్ కోచ్ జాన్ వుడెన్ ఆహ్వానాన్ని తిరస్కరించాడు. తన జట్టులోని నల్లజాతి ఆటగాడు క్లారెన్స్ వాకర్‌ను ఆడనివ్వకపోవడమే కారణం. 1948లో ఆ నిషేధం తొలగింది; వాకర్ ఆడాడు, జట్టు ఫైనల్ దాకా వెళ్ళి లూయివిల్ చేతిలో ఓడింది. అప్పుడు కూడా జట్టుతో కలిసి హోటల్‌లో ఉండనివ్వక, వాకర్‌ను వేరే ఇంట్లో దింపారు. ఎవరి ఊరూ కాని ఊరు వాకర్‌కు పరాయి ఊరే అయింది. 1957, 58, 59లలో టెనెసీ ఏ అండ్ ఐ అనే నల్లజాతి కళాశాల అదే కోర్టులో వరుసగా మూడుసార్లు విజేత అయింది. దాని కోచ్ జాన్ మెక్‌లెండన్ కాన్సాస్ విశ్వవిద్యాలయంలో నేస్మిత్ దగ్గర చదువుకున్నవాడు. జాతి కారణంగా ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడే అవకాశం దక్కనివాడు.

ఇప్పుడు ఎన్ఏఐఏ కూడా దారి మార్చింది. 2021 నుంచి టోర్నీలో తొలి అంచెలు పదహారు చోట్ల జరుగుతాయి. మిగిలిన పదహారు జట్లే కాన్సాస్ సిటీకి చేరతాయి. ఖర్చు ఒక కారణం, నిండిన గ్యాలరీలు మరో కారణం. తటస్థ నగరంలో బుధవారం ఉదయం పదింటికి రెండు చిన్న ఊళ్ళ జట్లు ఆడుతుంటే చూసేది ఆటగాళ్ళ తల్లిదండ్రులే. అదే మ్యాచ్ ఆ రెండింటిలో ఒక ఊళ్ళో పెడితే ఊరంతా వస్తుంది. న్యాయం కొంత తగ్గినా సరే, నేను ఊరంతా వచ్చే ఏర్పాటు వైపే ఉంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు.

మూడవ డివిజన్ పురుషుల చివరి అంచెలు మాత్రం తటస్థ వేదికలపైనే జరుగుతూ వచ్చాయి. 1996 నుంచి 2018 వరకు, 2013 ఫైనల్ మినహా, అది వర్జీనియాలోని సేలం. ఆ తరువాత ఇండియానాలోని ఫోర్ట్ వేన్. 2024 ఫైనల్లో ట్రైన్ యూనివర్సిటీ, వర్జీనియా నుంచి వచ్చిన హ్యాంప్డెన్-సిడ్నీ కళాశాలను ఓడించి తొలిసారి కప్పు గెలుచుకుంది. ట్రైన్ ఉన్న అంగోలా అనే ఊరు ఫోర్ట్ వేన్‌కు గంట ప్రయాణం కూడా ఉండదు.