గాలి దగ్గర మొదలుపెట్టు, స్ప్రింగు జోలికి పోకు

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య దీవెనలు.

మీ కరెంటు కారు గురించి మొన్న నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. గుణుపురం నుంచి కాశీనగర్ మీదుగా ఇక్కడికి వచ్చేసరికి మీ అత్తగారికి నడుం పట్టేస్తోందనీ, చిన్న గతుకు కూడా వీపుకి తగులుతోందనీ అన్నావు. అల్లుడు స్ప్రింగులు మార్పించేద్దామంటున్నాడట. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి. ఇది పూర్తయ్యేదాకా ఆ బండి స్ప్రింగుల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు.

కరెంటు బండి ఎందుకు గట్టిగా కొడుతుందో ముందు తెలుసుకో. నేల కింద బ్యాటరీ బరువు ఉంటుంది. ఆ బరువు మొయ్యాలంటే కంపెనీ వాళ్లు గట్టి స్ప్రింగులు వెయ్యక తప్పదు. దానికి తోడు బండి పొట్టిది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మారుతి 800కి 2175 మిల్లీమీటర్లు ఉండేది. ఇప్పుడొచ్చిన ఎంజీ కామెట్ అనే చిన్న కరెంటు కారుకి అది 2010 మాత్రమే. దూరం తగ్గేకొద్దీ ముందు చక్రం గుంతలో పడి లేచిందో లేదో వెనక చక్రం పడుతుంది, బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. టైరు చూడబోతే రెండింటికీ ఒకటే సైజు, 145/70 ఆర్ 12. మారుతి బరువు 650 కిలోల దరిదాపు, కామెట్ 800 దాటుతుంది. అదే టైరు అంత బరువు మొయ్యాలి. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, ఆ తరహా బండి తయారీలోనే ఉన్న సంగతి. ఇంకొకటి, ఇంజన్ చప్పుడు లేదు కాబట్టి ప్రతి 'ఠక్' చెవిలో పడుతుంది. వినపడిన దెబ్బ తగిలిన దెబ్బకంటే పెద్దదనిపిస్తుంది. మీ అత్తగారి నొప్పి నిజమే, నేను కాదనను. కానీ బండిలో ఎంత తగ్గించగలమో, ఎంత తగ్గించలేమో తెలిసి ఉంటే డబ్బు వృథా కాదు.

మొదటి పని గాలి. నా గ్యారేజీకి 'బండి కొడుతోందండీ' అంటూ వచ్చినవాళ్లలో చాలామందికి గాలి సరిచేస్తేనే సగం బాధ తీరిపోయేది. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. ముందు టైర్లకి ఎంత, వెనక టైర్లకి ఎంత, ఇద్దరే కూర్చుంటే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని రాసి ఉంటుంది. అన్ని బండ్లకీ రెండు లెక్కలూ ఉండవు. ఉంటే మాత్రం మీరిద్దరే వెళ్లేటప్పుడు తక్కువ అంకె పెట్టుకో. నీది ఎవరో వాడి అమ్మిన బండి. కరెంటు బండి కొన్నవాళ్లకి ఛార్జింగ్ ఎన్ని కిలోమీటర్లు వస్తుందో అన్న టెన్షన్ ఎక్కువ, అందుకని 38, 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలిచే లెక్క) దాకా గాలి కొట్టించేస్తారు. నిజంగానే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వస్తాయి. కానీ టైరు రాయిలా అయిపోతుంది. పంక్చర్ షాపు కుర్రాడు కూడా అడక్కుండానే నాలుగు పాయింట్లు ఎక్కువ పెడతాడు. దిగిపోదని వాడి నమ్మకం.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. వాతావరణం ఆరు డిగ్రీలు పెరిగితే టైరులో సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పైగా రోడ్డు మీద నడిచిన వేడికి ఇంకో మూడు నాలుగు పెరుగుతాయి. వేసవి మధ్యాహ్నం బంకులో చూసి 'ఎక్కువ ఉంది' అని గాలి తీయించావంటే మర్నాటి పొద్దుటికి తక్కువైపోతుంది. అందుకే నీ దగ్గర ఒక గేజీ ఉండాలి. ఏ ఆటోమొబైల్ షాపులో అయినా దొరుకుతుంది. వీలుంటే సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టుకునే చిన్న కంప్రెసర్ కొనుక్కో. మెత్తగా ఉంటుంది కదా అని స్టిక్కర్ కంటే కిందికి మాత్రం పోవద్దు. గాలి తక్కువైన టైరు పక్కగోడలు మాటిమాటికీ మడతపడి వేడెక్కుతాయి. గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. వానాకాలంలో నీళ్ల కింద గుంత కనపడని చోట అదే జరుగుతుంది.

రెండోది టైరు. నీ టైరు పక్కన 175/65 ఆర్ 14 82టి అని ఉందనుకో. 175 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 114 మిల్లీమీటర్లు. గతుకుని మొదట మింగేది ఆ రబ్బరు గోడే, స్ప్రింగు వంతు దాని తర్వాత. షాపువాడు అందంగా ఉంటాయని 15 అంగుళాల అలాయ్ చక్రాలు, వాటికి 185/55 టైర్లు చూపిస్తాడు. గోడ సుమారు 102కి దిగిపోతుంది. అంటే కుదుపు కొనుక్కుని మరీ తెచ్చుకున్నట్టు. అల్లుడికి అలాయ్ వీల్స్ మోజు ఉందని నాకు తెలుసు. వద్దని నా మాటగా చెప్పు.

చివర్లో ఉన్న 82 బరువు అంకె. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మొయ్యగలదు. కొత్తవి కొనేటప్పుడు ఆ అంకె తగ్గకూడదు, సైజు మారకూడదు. 'ఎక్స్ఎల్', అంటే ఎక్కువ బరువుకి తయారుచేసింది, అని రాసున్న టైరు గోడలు సాధారణంగా గట్టిగా ఉంటాయి. నీ బండికి కంపెనీ అదే పెట్టమంటే పెట్టాలి, లేదంటే అక్కర్లేదు. ఇంకో చోట నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటిన రబ్బరు, టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే, ఎండకి బిగుసుకుపోతుంది. వాడిన బండి అమ్మేవాళ్లు టైర్లు నల్లగా మెరిపించి ఇస్తారు, ఆ ముద్ర మాత్రం చూపించరు. నాలుగు టైర్లకీ చూడు. ఒక్కోసారి రెండు ఒక సంవత్సరానివి, రెండు ఇంకో సంవత్సరానివి ఉంటాయి. కాస్త మెత్తని టైరు వేస్తే ఛార్జింగ్‌కి కొన్ని కిలోమీటర్లు తగ్గుతాయి. అరవై కిలోమీటర్లు కూడా లేని దారికి ఆ తగ్గుదల నీకు లెక్కలోకి రాదు.

ఈ రెండూ అయ్యాకే బండి కిందికి వెళ్లాలి. షాక్ అబ్జార్బర్ల మీద నూనె తడి ఉందేమో చూడమను. ఒక్కో మూల గట్టిగా కిందికి నొక్కి వదిలితే బండి లేచి ఒకసారి సర్దుకుని ఆగాలి. రెండు మూడుసార్లు ఊగుతుంటే ఆ షాకర్ పనైపోయింది. మార్చాల్సి వస్తే ఒక ఇరుసుకి రెండూ కలిపి, ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చేవే. పెట్రోల్ మోడల్‌వి చవగ్గా వస్తాయని పెట్టించుకోకు. వాటిని ఈ బరువు కోసం తయారుచెయ్యలేదు. గతుకులో 'కటకట' చప్పుడొస్తే ముందు లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు (చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బర్లు) చూడాలి.

బుష్షుల దగ్గర ఒక చిన్న సంగతి ఉంది. చాలామంది మెకానిక్‌లు దీన్ని పట్టించుకోరు. బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా కొత్త బుష్షు బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే ఆ రబ్బరు మెలిపడిపోయి ఉంటుంది. ఇక అది ఎప్పుడూ గుంజుతూనే ఉంటుంది, బండి గట్టిగా అనిపిస్తుంది, బుష్షు త్వరగా చిరుగుతుంది. బోల్టు చేతి బిగువుతో పెట్టి, బండిని నాలుగు చక్రాల మీద దించాక, మామూలుగా నిలబడే ఎత్తులో చివరి బిగింపు ఇవ్వాలి. ఇంతకుముందు ఎవరైనా ఆ పని చేసి ఉంటే, ఒకసారి వదులు చేసి మళ్లీ అలా బిగించమని అడుగు. పార్టు ఖర్చు లేకుండానే తేడా తెలుస్తుంది.

జాకీ పెట్టే చోటు కూడా చెప్పి పెట్టించు. నేల మధ్యలో బ్యాటరీ పెట్టె ఉంటుంది. జాకీ గుర్తు వేసిన అంచుల దగ్గర తప్ప ఎక్కడా పెట్టకూడదు. నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి. వాటిని ముట్టుకునే పని సర్వీస్ సెంటర్‌లో శిక్షణ తీసుకున్నవాళ్లదే.

ఇక స్ప్రింగులు. అల్లుడు చూశాడన్న ఆ రబ్బరు ముక్కలు నాకు తెలుసు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికిస్తారు, 'కుదుపు మాయం' అని అమ్ముతారు. జరిగేది తలకిందులు. రబ్బరు ఇరుక్కున్న చోట ఆ చుట్టు పనిచెయ్యడం మానేస్తుంది. పనిచేసే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. బండి కాస్త ఎత్తుగా నిలబడుతుంది కాబట్టి బాగుపడిందనిపిస్తుంది. స్ప్రింగు కోయించినా అంతే, చుట్లు తగ్గి ఇంకా గట్టిపడుతుంది, పైగా బ్యాటరీ పెట్టె నేలకి దగ్గరవుతుంది. ఇలాంటి మార్పులు చేయిస్తే వారంటీ అడగబోయినప్పుడు పేచీ వస్తుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు వారంటీ ఇస్తున్నాయి. ఆ కాగితం విలువ ఏ స్ప్రింగు కంటే అయినా ఎక్కువ.

నడిపే పద్ధతి నీ చేతిలోనే ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. గుంత చూసి అందరూ బ్రేకు నొక్కుతారు, మంచిదే. కానీ నొక్కి పట్టుకునే గుంతలోకి దిగుతారు. బ్రేకు పడ్డప్పుడు బండి ముక్కు వంగి ముందు స్ప్రింగు అప్పటికే సగం నలిగి ఉంటుంది. ఇంక గుంతని మింగడానికి దానిలో చోటేది? ముందే వేగం తగ్గించు, చక్రం గుంత అంచుకి చేరే లోపు బ్రేకు వదిలెయ్యి, ముక్కు లేస్తుంది, అప్పుడు దొర్లనివ్వు. కరెంటు బండిలో ఇంకో మెలిక ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే బ్యాటరీని ఛార్జ్ చేసే ఏర్పాటు) దానంతటదే బ్రేకులా పట్టి ముక్కు వంచుతుంది. గతుకుల దారిలో రీజెన్‌ని అన్నిటికంటే తక్కువ స్థాయిలో పెట్టుకో. నీ బండిలో పూర్తిగా తీసేసే వీలుంటే తీసెయ్యి. మోహన ఊరి వైపు కొండ దిగేటప్పుడు మాత్రం మళ్లీ పెంచుకోవాలి, బ్రేకులు వేడెక్కవు. నూటికి నూరు ఛార్జింగ్‌తో దిగడం మొదలుపెడితే బ్యాటరీలో చోటుండదు కాబట్టి రీజెన్ సరిగ్గా పట్టదు. ఆ రోజు పూర్తిగా నింపకుండా బయల్దేరండి.

మీ అత్తగారిని వెనక కూర్చోబెడుతున్నారు కదా, గౌరవం కోసం. చిన్న కారులో వెనక సీటు దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది. ప్రతి దెబ్బా నేరుగా వస్తుంది. రేపటినుంచి ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టు. సీటు మరీ వెనక్కి వాల్చకుండా, నడుం ఒంపులో చిన్న తువ్వాలు చుట్టి పెట్టు, బెల్టు పెట్టు. దళసరి స్పాంజి దిండు వెయ్యకు, గతుకుకి మనిషి ఇంకా ఎగురుతుంది, బెల్టూ సరిగ్గా కూర్చోదు. బియ్యం బస్తాలు డిక్కీలో కాకుండా వెనక సీటు ముందు, కాళ్ల దగ్గర పెడితే ఊగడం తగ్గుతుంది. వాటికోసమైనా వెనక సీటు ఖాళీ చెయ్యాలి.

అన్నీ ఒకేసారి చెయ్యకండి. ఈ వారం గాలి సరిచేసి, కాశీనగర్ దారిలో అదే ముక్క మీద, అదే వేగంతో, అంతే మందితో వెళ్లి చూడండి. ఏది పనిచేసిందో అప్పుడే తెలుస్తుంది. నడుం నొప్పి మాత్రం కారు బాగుపడేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి.

డోరు దగ్గరి స్టిక్కరు, నాలుగు టైర్ల మీద సైజు, ఆ నాలుగంకెల ముద్రలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. అవి చూశాక టైర్లు మార్చాలో అక్కర్లేదో చెబుతాను. అప్పటిదాకా ఏ షాపువాడికీ అడ్వాన్సు ఇవ్వొద్దని అల్లుడికి చెప్పు.

మీ మావయ్య