పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: కాల్బలానికి తోడు వెళ్లే ఫిరంగి బండి

ప్రశ్న: అమెరికా సైన్యం కొత్తగా చేయించుకున్న ఎం-10 బుకర్‌ను పత్రికలు తేలికపాటి ట్యాంకు అని రాశాయి. ఆ సైన్యాధికారులు మాత్రం దాన్ని ట్యాంకు అనవద్దన్నారు. ఫిరంగి ఉంది, ఫిరంగిని మోస్తూ చుట్టూ తిరిగే గోపురం, అంటే టరెట్ ఉంది, చక్రాల చుట్టూ ఇనుప ట్రాకులు ఉన్నాయి. ఇంకేం కావాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: చూడటానికి అది ట్యాంకే. అధికారులు చెప్పిన తేడా రూపానికి సంబంధించినది కాదు, దానికి అప్పగించిన పనికి సంబంధించినది. ముప్పై మందికి పైగా ఉన్న ఒక ప్లాటూను పొలం గట్టు చాటున బోర్లా పడుకొని ఉందనుకోండి. నాలుగు వందల గజాల అవతల ఇసుక బస్తాల మధ్య, జానెడు సందులోంచి ఒక మెషిన్ గన్ ఆగకుండా కాలుస్తోంది. తల ఎత్తే వీలు లేదు. వెనక ఉన్న శతఘ్ని దళాన్ని వైర్‌లెస్‌లో పిలిస్తే, గుండ్లు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, వచ్చినవి సరిగ్గా ఆ సందులోనే పడతాయన్న నమ్మకమూ ఉండదు, కొంచెం గురి తప్పితే సొంత జవాన్ల మీదే పడవచ్చు. అదే ప్లాటూను వెంట ఒక ఫిరంగి బండి ఉంటే, అందులోని గన్నర్ ఆ సందును తన కంటితో చూసి ఒక్క గుండుతో మూసేస్తాడు. మోసుకు వెళ్లే ఆయుధాలతో కాలినడకన పోరాడే పదాతి దళాలకు ఈ తోడు లేదన్నదే బుకర్ పథకానికి మూలం.

బుకర్‌లో 105 మిల్లీమీటర్ల ఫిరంగి, నలుగురు సిబ్బంది, 800 అశ్వశక్తి డీజిల్ ఇంజను ఉన్నాయి. శత్రువు ట్యాంకులతో ముఖాముఖి తలపడటం దాని ముఖ్య విధి కాదు, ఆ పనికి 120 మిల్లీమీటర్ల ఫిరంగి గల ఏబ్రమ్స్ ట్యాంకు ఉంది. 2023 జూన్‌లో పెట్టిన ఆ పేరు ఇద్దరు సైనికులను కలిపి స్మరించుకుంటుంది. 1943లో ట్యునీషియాలో ప్రాణాలు అర్పించిన రాబర్ట్ బుకర్ పదాతి దళం వాడు, 2003లో బాగ్దాద్ దారిలో మరణించిన స్టీవన్ బుకర్ ట్యాంకు దళం వాడు. ఈ వాహనం ఎవరి కోసమో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే పేరు దొరకదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఇంత అవసరమైన వాహనాన్ని తయారీ మొదలైన తరువాత 2025 జూన్‌లో ఎందుకు రద్దు చేశారు? అవినీతా, సాంకేతిక లోపమా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: రెండూ కాదు. అసలు కారణం బరువు.

2022 జూన్‌లో జనరల్ డైనమిక్స్ సంస్థకు 96 వాహనాల వరకు తయారు చేసే ఒప్పందాన్ని 114 కోట్ల డాలర్లకు ఇచ్చారు. మొత్తం మీద ఐదు వందల పైచిలుకు కొనాలన్నది అప్పటి ఆలోచన. కానీ తయారై వచ్చిన వాహనం దాదాపు 38 టన్నులు తూగింది. ఏబ్రమ్స్ అరవై టన్నులు దాటుతుంది కాబట్టి దాని పక్కన ఇది తేలికే, అయితే మన సైన్యంలోని టీ-72 ట్యాంకు కూడా నలభై టన్నుల దగ్గరే ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఒక సి-17 సైనిక రవాణా విమానంలో రెండు బుకర్లు పట్టాలన్నది మొదటి లెక్క. ఆ విమానం మోయగలిగే గరిష్ఠ బరువు సుమారు 77 టన్నులు, రెండు బుకర్లు కలిపితే 76 టన్నులు. సిబ్బందికి, మందుగుండుకు, గొలుసులకు మిగిలేది ఎంతో మీరే చూడండి. ఇక కెంటకీ సరిహద్దులో, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ ఉండే ఫోర్ట్ క్యాంప్‌బెల్ స్థావరంలో ఉన్న 11 వంతెనల్లో 8 వంతెనలు దీని బరువును ఆపలేవని తేలింది. తేలికైనది కావాలనుకుంటే బరువైనది చేతికొచ్చిందని ఆర్మీ సెక్రటరీ డేనియల్ డ్రిస్కల్ బహిరంగంగానే ఒప్పుకున్నారు.

ఇందులో ఇంజనీర్లను తప్పు పట్టడం న్యాయం కాదు. విమానం నుంచి పారాచూట్‌తో దించే వీలు ఉండాలన్న షరతును తొలి దశలోనే వదిలేశారు. బరువుకు పై నుంచి ఉన్న గట్టి కట్టడి అదే. అది పోయాక, కవచం మందం కొంచెం పెంచుదామన్నా, ఇంకో పరికరం చేర్చుదామన్నా అడ్డు చెప్పేవారు ఉండరు. అడిగిన ప్రతి వాడి కోరికా విడిగా చూస్తే సమంజసంగానే కనిపిస్తుంది, అన్నీ కలిసి వంతెన మీదికి వచ్చినప్పుడే వాటి అసలు తూకం తెలుస్తుంది.

బరువు తగ్గించడమూ అంత సులువు కాదనడానికి వాళ్ల పాత షెరిడన్ వాహనమే సాక్ష్యం. అల్యూమినియం ఒళ్లు, సుమారు 15 టన్నుల బరువు, ఏకంగా 152 మిల్లీమీటర్ల ఫిరంగి. గుండు పేల్చినప్పుడు ఫిరంగి వెనక్కి తన్నే దెబ్బకు ముందు చక్రాలు నేల విడిచి పైకి లేచేవి. వియత్నాంలో మందుపాతరలు దాని అడుగు భాగాన్ని చీల్చుకొని లోపలికి వచ్చాయి. అయినా పారాచూట్లతో దిగే 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ దాన్ని 1990ల దాకా వదులుకోలేదు, 1989 డిసెంబరులో పనామాలో పారాచూట్లతో దించింది కూడా. జవాన్ల వెంట ఎంతో కొంత ఫిరంగి ఉండటం, అసలేమీ లేకపోవడం కన్నా మేలని దాన్ని నడిపినవాళ్లకు తెలుసు. బుకర్ రద్దుతో ఆ జవాన్ల అవసరం తీరలేదన్న సంగతి నన్ను బాధిస్తుంది.

ప్రశ్న: చవకైన డ్రోన్లు ట్యాంకులను తగలబెడుతున్న ఈ రోజుల్లో ఇలాంటి బండ్లు దేనికి?
– వ్యాపారి, వరంగల్

జవాబు: డ్రోన్ల భయం నిజమే. టరెట్ పై భాగంలో కవచం పలచగా ఉంటుంది, డ్రోన్ అక్కడే పడుతుంది. కానీ పైన కవచం లేని జవానుకు ఆ డ్రోన్ ఇంకా ప్రమాదకరం. అందుకే పైకప్పు మీద జాలీలు, సంకేతాలను చెదరగొట్టే జామర్లు వచ్చి చేరుతున్నాయి. అవీ బరువే.

ప్రశ్న: మా నాన్నగారు ఎద్దుమైలారం కర్మాగారంలో పనిచేసి రిటైర్ అయ్యారు. అక్కడ తయారైన శరథ్ వాహనాలు ఈ కోవలోకే వస్తాయా? వాటి స్థానంలోకి జొరావర్ అనే తేలికపాటి ట్యాంకు వస్తుందంటున్నారు, నిజమేనా?
– పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: ముందుగా మీ నాన్నగారికి మా నమస్కారాలు తెలియజేయండి. శరథ్, అంటే మన దేశంలో తయారైన బీఎంపీ-2, ఇదే కుటుంబానికి చెందినదే కానీ పని వేరు. బుకర్, జొరావర్ ఫిరంగిని తీసుకువెళితే, శరథ్ జవాన్లనే తీసుకువెళుతుంది. సిబ్బంది ముగ్గురు, వారితో పాటు ఏడుగురు జవాన్లు. వెనక గదిలో జవాన్లు వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు, ఒక్కొక్కరి ముందు తుపాకీ గొట్టం బయట పెట్టడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దిగడానికి వెనక రెండు తలుపులు ఉంటాయి. ఆ తలుపుల లోపలి బోలులోనే డీజిల్ నింపుతారు. జాగా, బరువు ఎంత పొదుపుగా వాడారో ఆ తలుపు చూస్తే తెలుస్తుంది, తలుపులో ఇంధనం పెట్టుకొని యుద్ధానికి పోవడంలోని ప్రమాదమూ అక్కడే కనిపిస్తుంది. మొత్తం బరువు 14 టన్నుల పైచిలుకు మాత్రమే కాబట్టి నీళ్లలో తేలుతూ వాగులు దాటుతుంది. 30 మిల్లీమీటర్ల తుపాకీకి తోడుగా దాని మీద అమర్చే, ట్యాంకులను ఛేదించే కాంకుర్స్ క్షిపణి కూడా మీ జిల్లాలోని భానూరులో, భారత్ డైనమిక్స్ వారు తయారు చేసిందే.

కాబట్టి జొరావర్ శరథ్ స్థానంలోకి రాదు, దాని పక్కకు వస్తుంది. 2020లో గల్వాన్ ఘటన తరువాత వాయుసేన 90 ట్యాంకులను, 330 బీఎంపీలను విమానాల్లో లద్దాఖ్ చేర్చింది. నలభై టన్నులు దాటిన ట్యాంకు ఆ పలచని గాలిలో, ఆ ఇరుకు దారుల్లో ఎంత అవస్థ పడుతుందో అప్పుడు అనుభవానికి వచ్చింది. డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కలిసి చేసిన జొరావర్ బరువు 25 టన్నులు, ఫిరంగి బుకర్‌లో ఉన్నట్టే 105 మిల్లీమీటర్లది. 2024 జులైలో హజీరాలో దాని నమూనాను చూపారు, అదే ఏడాది డిసెంబరులో 4,200 మీటర్లకు పైబడిన ఎత్తున కాల్పుల పరీక్ష జరిగింది. పరీక్షలు సాగేకొద్దీ అది చేర్చండి, ఇది పెంచండి అన్న కోరికలు ఇక్కడా వస్తాయి. ఆ 25 అనే అంకెను ఎవరైనా పట్టుదలతో కాపాడాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

తేలికైన ట్యాంకును కొండల మీదికి చేర్చడం మనకు తెలియని విద్య కాదు. కశ్మీర్‌లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, 1948 నవంబరు 1న, పదకొండు వేల అడుగులు దాటిన జోజీలా కనుమలో, కాల్బలం ముందుకు కదలలేక ఆగిపోయిన చోట, జనరల్ తిమ్మయ్య 7వ కావల్రీకి చెందిన స్టువర్ట్ ట్యాంకులను దించారు. అవి పదిహేను టన్నుల బండ్లు. ఎవరికీ ఆనవాలు తెలియకుండా టరెట్లు ఊడదీసి, రాత్రిళ్లు శ్రీనగర్ మీదుగా బాల్టాల్ చేర్చారు. దారిలోని బలహీనమైన వంతెనలకు ముందుగానే దన్ను కట్టారు. బాల్టాల్ నుంచి పైకి ఉన్న కంచరగాడిదల బాటను, దక్షిణాది జవాన్లతో నిండిన మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళం ట్యాంకు పట్టేంత వెడల్పు చేసింది. ట్యాంకు అక్కడికి రాగలదని ఎదుటివాళ్లు ఊహించలేదు. బంకర్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి, ఆ రోజే మన జవాన్లు కనుమ దాటారు.

మరో మాట, మీ నాన్నగారికి నచ్చుతుంది. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కంచన్ కవచానికి ఆ పేరు వచ్చింది హైదరాబాద్ కంచన్‌బాగ్ నుంచే. దాన్ని రూపొందించిన లోహ పరిశోధనాలయం అక్కడే ఉంది.