అమెరికా బిస్కెట్ వేరు, మన బిస్కెట్ వేరు

అమెరికన్ వీడియో చూసి మీరు బిస్కెట్లు చేశారు. కొలతలన్నీ సరిగ్గానే వేశారు. తీరా చూస్తే అవి కరకరలాడకుండా ఉబ్బి బన్నుల్లా వచ్చాయి. తప్పెక్కడ జరిగిందని అడిగారు. తప్పేమీ జరగలేదు, అవి అలాగే రావాలి.

మన బేకరీ మాటలు ఇంగ్లండ్ నుంచి వచ్చినవి. ఉస్మానియా, ఫ్రూట్ బిస్కెట్ లాంటివాటిని అమెరికావాళ్లు కుకీలంటారు. ఆ మాట వాళ్లకి డచ్చివాళ్లిచ్చింది. న్యూయార్క్ పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న రోజుల్లో (1664కి ముందు) అక్కడ స్థిరపడినవాళ్ల భాషలో చిన్న కేకుని అలా అనేవారు. బిస్కెట్ అన్న పేరేమో అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, పొద్దున్నే గ్రేవీతో తినే మెత్తటి రొట్టెకి స్థిరపడింది. బ్రిటిష్‌వాళ్లు టీతో తినే స్కోన్ అనే చిన్న రొట్టెకి ఇది దగ్గరి చుట్టం. స్కోన్‌లో కొంచెం పంచదార పడుతుంది, దీన్లో ఉప్పు పైచేయి.

ఎలాగూ చేశారు కాబట్టి ఈసారి ఇంకా బాగా చేయండి. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, వంటసోడా పావు టీస్పూన్, గడ్డకట్టిన బటర్ 85 గ్రాములు. ఉప్పు ముప్పావు టీస్పూన్, ఉప్పున్న బటరైతే పావు చాలు. బటర్‌ని ఫ్రీజర్లోంచి తీసి తురిమి, బఠాణీ గింజంత ముక్కలు మిగిలేలా పిండిలో కలపాలి. పొరలు వచ్చేది ఆ ముక్కల వల్లే. ఓవెన్ వేడికి బటర్లోని నీరు ఆవిరై పిండిని పైకి లేపుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో చేత్తో నలుపుతూ కూర్చుంటే బటర్ ముందే కరిగిపోతుంది, ఇక పొరల్లేవు. మధ్యలో గిన్నెని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

తర్వాత బటర్‌మిల్క్. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. రెసిపీలో బటర్‌మిల్క్ అని ఉంటే మన పల్చటి మజ్జిగ పోస్తారు, పిండి జారిపోతుంది. అమెరికా దుకాణంలో దొరికేది తోడుపెట్టిన చిక్కటి సరుకు. 140 మి.లీ. పెరుగులో 50 మి.లీ. నీళ్లు కలిపితే సరిపోతుంది. ముద్ద కాగానే ఆపేయాలి, చపాతీ పిండిలా మర్దించకూడదు. అంగుళం మందంగా తట్టి, మూడు నాలుగుసార్లు మడతపెట్టి, మళ్లీ తట్టి, గ్లాసు అంచుతో నిలువుగా నొక్కి కోయండి. గ్లాసు తిప్పితే అంచులు అతుక్కుపోయి ఒకపక్కకి ఒరుగుతాయి. ఒకదానికొకటి ఆనించి 220 డిగ్రీల సెల్సియస్‌లో 15 నిమిషాలు.

మీకు కావాల్సింది కరకరలాడేదే అయితే దారి వేరు: పంచదార 100, బటర్ 200, మైదా 300 గ్రాములు. నీళ్లు వద్దు. 160 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు, తేమ నెమ్మదిగా పోవాలి.

నన్నడిగితే ఏది బిస్కెట్టో తేల్చడానికి పేరు పక్కనపెట్టి తేమే చూడాలి. బ్రిటన్‌లో 1991లో జాఫా కేక్ (చిన్న స్పాంజి కేకు మీద నారింజ జెల్లీ, చాక్లెట్ పూత ఉంటాయి) మీద పన్ను తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ కేకులకి వ్యాట్ లేదు, చాక్లెట్ పూసిన బిస్కెట్లకి ఉంది. జాఫా కేక్ చూడ్డానికి బిస్కెట్ అంత, అమ్మేది బిస్కెట్ల పక్కనే, తినేది వేళ్లతో పట్టుకుని. అయినా తీర్పు కేక్ అనే వచ్చింది. లెక్కలోకి తీసుకున్న కారణాల్లో ఒకటి: నిలవుంటే అది గట్టిపడుతుంది. బిస్కెట్ నిలవుంటే మెత్తబడుతుంది, వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని డబ్బా తెరిస్తే తెలుస్తుంది. పొడిది గాల్లో తేమ లాక్కుంటుంది, తడిది తేమ వదులుకుంటుంది. మీరు చేసిన అమెరికా బిస్కెట్ రేపటికి గట్టిపడుతుంది. అంటే అది రొట్టెల కుటుంబమే.

వంటకాల పేర్ల తేడా కంటే సరుకుల పేర్ల తేడా ప్రమాదం. ఏ దేశం రెసిపీయో చెప్పకుండా రాసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. కార్న్ ఫ్లోర్ అంటే మనకీ బ్రిటన్‌కీ తెల్లటి గంజిపొడి, అమెరికాలో మెత్తగా ఆడించిన మొక్కజొన్న పిండి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే సాస్ చిక్కబడాల్సిన చోట రవ్వరవ్వగా తగులుతుంది. సెల్ఫ్ రైజింగ్ మైదాలో (బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మేది) అమెరికాలో ఉప్పు కలిసే ఉంటుంది, బ్రిటన్‌లో సాధారణంగా ఉండదు. క్యాస్టర్ షుగర్ అంటే మన పంచదారని మిక్సీలో మూడు నాలుగు సెకన్లు తిప్పితే వచ్చే సన్నపలుకు, పొడి చేసేస్తే ఐసింగ్ షుగర్ అయిపోతుంది.

అమెరికావాళ్లు బటర్ ఒక స్టిక్ అంటే 113 గ్రాములు. మన 100 గ్రాముల ప్యాకెట్ విప్పి వేసేస్తే 13 గ్రాములు తక్కువ. వంటింటి త్రాసు ఒకటి కొనుక్కోండి, కప్పులతో కొలవడం మానేయండి.