ఆపరేషన్ తరువాత ఫోన్‌లో నర్సింగ్: మేనకోడలికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి. నిన్ను వార్డు నుంచి తప్పించి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇళ్లకు వెళ్లినవారిని ఫోన్‌లో కనిపెట్టుకునే పనికి వేశారనీ, అది నీకు చిన్నతనంగా తోస్తున్నదనీ మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు సర్జికల్ వార్డులో పనిచేసిన నాకు మాత్రం అది వార్డు పనికంటే కష్టమైనదిగానే కనిపిస్తుంది. వార్డులో డ్రెయిన్, అంటే గాయంలో చేరే ద్రవాన్ని గొట్టం ద్వారా బయటికి లాగే నొక్కుడు డబ్బా, నువ్వే ఖాళీ చేస్తావు, కట్టు నువ్వే విప్పి చూస్తావు. ఇంటికి వెళ్లాక ఆ పనులన్నీ రోగి చేతులే చేయాలి, వాటిలో ఒక చేయి ఇంకా సరిగా లేవదు కూడా.

"ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే "బాగానే ఉన్నానమ్మా" అనే సమాధానం వస్తుంది. మన ఆడవాళ్లు జ్వరంతో మూలుగుతూ కూడా అలాగే అంటారు. అందుచేత కంటితో చూసి, కొలిచి చెప్పగలిగినవే అడుగు. నిన్న ఉదయం నుంచి ఈ ఉదయం వరకు డ్రెయిన్‌లో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, ఏ రంగులో ఉంది, డబ్బా నొక్కినట్టే ఉందా లేక దానంతట అదే ఉబ్బిపోయిందా, జ్వరం థర్మామీటరులో ఎంత చూపించింది అని అడిగితే మర్యాదకు చెప్పే సమాధానానికి చోటుండదు.

డ్రెయిన్ సంగతి డిశ్చార్జికి ముందే తేల్చుకోవాలి. ఎలా ఖాళీ చేయాలో నువ్వు చేసి చూపించడంతో సరిపెట్టక, ఆవిడ చేతగానీ, ఇంట్లో ఆ పని చేయబోయే కోడలి చేతగానీ నీ ఎదుట చేయించు. చేతులు సబ్బుతో కడుక్కోవడం, గీతలున్న కప్పులో కొలవడం, డబ్బాను పూర్తిగా నొక్కి మూత బిగించడం, తేదీ వేసి కాగితం మీద రాయడం, ఆ డబ్బాను గాయంకంటే కిందుగా వేలాడేటట్టు కట్టుకోవడం, ఇవన్నీ వరుసగా రావాలి. మొదట ఎర్రగా వచ్చే ద్రవం రోజులు గడిచేకొద్దీ గులాబీ రంగుకు, తరువాత లేత పసుపుకు తిరుగుతుంది. సాధారణంగా 24 గంటలకు 30 మిల్లీలీటర్లకంటే తక్కువ వరుసగా రెండు రోజులు వచ్చాక తీస్తారు, అయితే సర్జన్‌ను బట్టి ఆ లెక్క మారుతుంది కనుక మీ డాక్టరుగారి లెక్క ముందే అడిగి పెట్టుకో. పసుపు రంగుకు తిరిగినది మళ్లీ చిక్కటి ఎరుపుగా మారినా, రావడం ఒక్కసారిగా ఆగిపోయి చంక కింద ఉబ్బినా, చీము వాసన వచ్చినా, ఆ రోజే డాక్టరుకు చెప్పవలసిందే.

గాయం ఎర్రబడిందని ఎవరైనా అంటే, ఆ ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీయమని చెప్పు. మర్నాటికి ఎరుపు గీత దాటిందో లేదో ఆవిడకే తెలుస్తుంది, దాటితే ఆసుపత్రికి రావాలి. ఫోటో కావాలనుకుంటే ముందు ఆవిడ అనుమతి అడుగు, ఆసుపత్రి ఇచ్చిన ఫోనుకే తెప్పించు, ముఖం పడకుండా పగటి వెలుగులో తీయమను. నీ సొంత ఫోనులో అలాంటి ఫోటో ఒక్కటి కూడా ఉండకూడదు.

మరో చిక్కు, ఫోను చాలాసార్లు భర్తదో కొడుకుదో అవుతుంది. రొమ్ము గురించి వాళ్ల ముందు ఆవిడ మాట్లాడదు. కొన్ని ఇళ్లలో "గడ్డ తీశారు" అనే తప్ప జబ్బు పేరు చెప్పి ఉండరు. కాబట్టి ఆవిడ ఒంటరిగా ఉండే వేళ కనుక్కొని అప్పుడే ఫోను చేయి. అవునో కాదో అంటే చాలునన్నట్టు ప్రశ్నలు కూడా సిద్ధం చేసుకో.

తిండి విషయంలో ఇంట్లో పెద్దవాళ్లతో నేరుగా మాట్లాడవలసి వస్తుంది. పప్పు, గుడ్డు, వంకాయ పెడితే చీము పడుతుందని చారు అన్నంతో సరిపెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలని, పప్పూ గుడ్డూ పెరుగూ పెట్టవలసిందేనని ఆ అత్తగారికే గౌరవంగా వివరించు; కోడలికి చెబితే అది అమలు కాదు. గాయం మీద పసుపు, ఆకు పసరు వేయవద్దని కూడా అప్పుడే చెప్పు.

చేతి గురించి కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టు. జబ్బ లోపలి వైపు మొద్దుబారినట్టు ఉండడం చంకలోని నరం వల్లనని ముందే చెబితే సగం భయం తీరుతుంది. డ్రెయిన్ ఉన్నన్ని రోజులు పిడికిలి బిగించి విప్పడం, మోచేయి ముడవడం, భుజం ఎత్తు దాటకుండా కదపడం చాలు. తీసిన తరువాత డాక్టరు అనుమతితో గోడ మీద వేళ్లు పాకిస్తూ, ఎంతవరకు వెళ్లాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమను. రేడియేషన్ ఇచ్చేటప్పుడు చేయి తలపైకి ఎత్తి పడుకోవాలి కనుక, ఈ వ్యాయామం మానేసినవారు అక్కడ ఇబ్బంది పడతారు. చంకలోని లింఫ్ గ్రంథులు తీసినవారికి చేతి వాపు నెలల తరువాత, ఏళ్ల తరువాత కూడా రావచ్చు. గాజులు, ఉంగరం బిగుతైనా, చేయి బరువనిపించినా చెప్పమను. మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లేవారు తిరిగి పనిలోకి దిగినప్పుడు చేతి తొడుగు వేసుకోవాలి, చిన్న గీరుకు కూడా కడిగి మందు రాయాలి.

కీమోథెరపీ మొదలైనవారికి జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే మాత్ర వేసి చూద్దామనే మాట ఉండకూడదు, రాత్రయినా రావాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయమను. నిద్ర లేక, అద్దం చూసుకోలేక కుమిలిపోయేవారికి మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను నంబరు 14416 ఇవ్వు, అక్కడ తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే మాత్రం నంబరు ఇచ్చి వదిలేయక, లైనులో ఉండగానే ఇంట్లోవారిని, డాక్టరును పిలువు.

మందు మార్చమని, ఆపమని ఎంత బతిమాలినా నువ్వు చెప్పవద్దు, అది డాక్టరుగారి పని. ప్రతి కాల్ అయిన వెంటనే ఏమి అడిగావో, ఏమి చెప్పారో, ఎవరికి తెలియజేశావో రిజిస్టరులో రాయి. నీ సెలవు రోజున ఆ ఫోను ఎవరు ఎత్తుతారో డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించు.

ఇట్లు,
మీ అత్తయ్య