ఆర్‌సీతో పాటు కారు యాప్ కూడా నీ పేరుకు మార్పించుకో

చిట్టితల్లికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన కారు ఫొటోలు, ఆర్‌సీ కాపీ చూశాను. 2021 మోడల్, సింగిల్ ఓనర్, సర్వీస్ రికార్డు మొత్తం ఉంది. మంచి బండే చూసుకున్నావు. ఇంజను, టైర్లు, ఇన్సూరెన్స్ సంగతి మా అన్నయ్య, అదే మీ నాన్న, చూసుకుంటాడు. నేను రాసేది కంటికి కనపడని ఇంకో విషయం గురించి. ఆ కారులో కంపెనీవాళ్లే బిగించిన సిమ్ ఉంది. ఫారం 29, 30 మీద సంతకాలై ఆర్‌సీ నీ పేరుకు వచ్చినా, ఆ సిమ్‌తో పనిచేసే యాప్, అంటే ఫోన్ నుంచే కారుకు లాక్ వేసి, కారు ఎక్కడుందో చూపే యాప్, మాత్రం దానంతట అది నీ పేరుకు మారదు. పాత ఓనరు ఫోన్‌లో అది అలాగే ఉండిపోతుంది.

మన దేశంలో 2019లో హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్, కియా సెల్టోస్ కార్లు ఒకదాని వెనుక ఒకటి ఇలా సిమ్‌తో వచ్చాయి. ఇప్పుడు అవన్నీ సెకండ్ హ్యాండ్‌కి వస్తున్నాయి. కొనేవాళ్లు బానెట్ ఎత్తి చూస్తారు, డిక్కీలో స్టెప్నీ చూస్తారు. యాప్ సంగతి ఎవరూ అడగరు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది వర్క్‌షాపుకి ఒక టీచరమ్మ వచ్చింది. కారు కొని రెండు వారాలైంది. రాత్రిళ్లు హారన్ మోగుతోందట, లైట్లు వెలిగి ఆరుతున్నాయట. ఒకరోజు పొద్దున చూస్తే లోపల ఏసీ తిరుగుతోందట. అప్పటికే బయట మెకానిక్ హారన్ రిలే మార్చాడు, బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చేశాడు. నేను స్కానర్ పెట్టి చూస్తే ఒక్క ఫాల్టూ లేదు. "అమ్మా, మీ ఫోన్‌లో కారు యాప్ తెరవండి" అన్నాను. "ఏ యాపండీ?" అంది. అప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చుని స్క్రీన్‌లో యూజర్ల జాబితా తెరిచాను. ఇంకెవరి పేరో ఉంది.

అమ్మినాయనకి ఫోన్ చేశాం. పెద్దమనిషే, పాపం కంగారు పడ్డాడు. యాప్ ఆయన ఫోన్‌లోనే కాదు, ఇంట్లో ట్యాబ్‌లోనూ ఉంది. ఎనిమిదేళ్ల పిల్లాడు తమ కారు ఎక్కడుందో అని రోజూ మ్యాప్‌లో వెతుక్కుంటూ, బటన్లన్నీ నొక్కుతున్నాడు. వాడికి ఆ కారంటే ప్రాణమట. పిల్లాడి తప్పేమీ లేదు. కానీ ఆ టీచరమ్మ ముఖం నాకింకా గుర్తుంది. "అంటే రెండు వారాల నుంచి నేను ఎక్కడికి వెళ్తున్నానో వాళ్లకు కనపడుతోందా?" అని అడిగింది. కనపడుతోంది. ఇల్లు, బడి, వాళ్లమ్మగారి ఊరు, అన్నీ.

అందుకే డబ్బు చేతికిచ్చే ముందు, అమ్మేవాళ్లు నీ ఎదురుగా ఉండగానే ఈ పని ముగించు. ముందు వాళ్ల ఫోన్‌లో యాప్ తెరిపించి కారును తీసేయించు. యాప్ డిలీట్ చేస్తే చాలదు, అకౌంట్ నుంచే కారు పోవాలి. వాళ్లు యాప్‌ను ఇంట్లో ఇంకెవరికైనా షేర్ చేశారేమో అడుగు. తర్వాత కారు స్క్రీన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి మొత్తం రీసెట్ కొట్టు. వాళ్ల కాంటాక్టులు, ఇంటి అడ్రసు, పాత ప్రయాణాలు పోతాయి, అది వాళ్లకీ మంచిదే. ఆ తర్వాత నీ ఫోన్‌లో యాప్ వేసుకుని, 17 అక్షరాల చాసిస్ నంబరు కొట్టి, ఓటీపీతో కారును చేర్చుకో. కొన్ని కంపెనీలు ఆర్‌సీ చూపించమంటాయి, కొన్ని షోరూంకి రమ్మంటాయి. అలా ఐతే కొత్త ఆర్‌సీ వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. ఆగినా ఫర్వాలేదు, పాతవాళ్ల పేరు పోవడం మాత్రం ఆరోజే జరగాలి. చివర్లో నీ ఫోన్ నుంచి డోర్ లాక్ చేసి చూడు, వాళ్లనీ ప్రయత్నించమను. వాళ్ల ఫోన్ నుంచి కాలేదంటే పని అయినట్టే.

నీకు ఉచిత సర్వీసు ఎన్నాళ్లుందో కూడా అడుగు. చాలా కంపెనీలు మూడేళ్లు ఇచ్చాయి, ఆ లెక్క మొదటి ఓనరు కొన్న రోజు నుంచి. 2021 బండికి అది అయిపోయి ఉంటుంది. డబ్బు కడితేనే మళ్లీ నడుస్తుంది. నన్నడిగితే ఒక ఏడాది కట్టి చూడు, వాడకపోతే మానెయ్. ఫోన్‌ని కారు స్క్రీన్‌కి కలిపే ఆండ్రాయిడ్ ఆటోలో మ్యాప్ చూడ్డానికి, పాటలు వినడానికి ఇది అక్కర్లేదు. అవి నీ ఫోన్ డేటాతో నడుస్తాయి. కారు సిమ్ పని వేరే: దూరం నుంచి లాక్ వేయడం, కారు ఎక్కడుందో చూపడం, దొంగతనం అలర్ట్, ఆపదలో సాయం పిలిచే ఎస్‌ఓఎస్ బటన్.

ఎస్‌ఓఎస్ మీద మాత్రం కొంచెం జాగ్రత్త. ఆ బటన్ నొక్కితే నేరుగా 108కి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర ముందు కంపెనీ కాల్ సెంటర్‌కి వెళ్తుంది, వాళ్లు నీతో మాట్లాడి సాయం పంపిస్తారు. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడళ్లలో పెద్ద యాక్సిడెంటైతే కారే 112కి కాల్ చేసేలా చట్టం పెట్టారు, మన కార్లకి ఆ నిబంధన లేదు. కాబట్టి చేతిలో ఫోన్ పనిచేస్తుంటే నువ్వే 112కో 108కో కొట్టు. హైవే మీదైతే 1033. ఇంకోటి, కారు సిమ్ కూడా సిమ్మే, టవర్ లేకపోతే పలకదు. నువ్వు శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక నల్లమలలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. అక్కడ బటన్‌ని నమ్ముకుని ఒంటరిగా వెళ్లొద్దు.

అమెరికాలో 2022లో 3జీ ఆపేశాక పాత కార్లలో ఈ సర్వీసులు చాలావాటికి ఆగిపోయాయి. నీది 4జీ కాబట్టి ఇప్పట్లో ఆ టెన్షన్ లేదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందని చూపిస్తే వాయిదా వేయకు. 2015లో ఇద్దరు నిపుణులు ఇంటర్నెట్ ద్వారా ఒక జీప్ చెరోకీని దూరం నుంచే అదుపులోకి తీసుకుని చూపించారు, తర్వాత కంపెనీ 14 లక్షల బండ్లను రీకాల్ చేసింది. అప్‌డేట్ చేసేటప్పుడు కారు ఇంటి దగ్గర నిలిపి ఉండాలి, అరగంట ఎక్కడికీ వెళ్లే పని ఉండకూడదు. మధ్యలో ఆపకు.

యాప్‌లో అనుమతులు అడిగినప్పుడు అన్నిటికీ సరే అనకు. నువ్వెలా నడుపుతున్నావో పంచుకోవచ్చా అని అడిగితే వద్దను. అమెరికాలో జనరల్ మోటార్స్ ఇలా డ్రైవర్ల సమాచారం అమ్ముకుందని అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2025 జనవరిలో చర్య తీసుకుంది. ఆ సమాచారం ఇన్సూరెన్స్ ప్రీమియం దాకా వెళ్లింది.

అన్నయ్య నీ కారును తన ఫోన్‌లో కూడా చూసుకుంటానంటాడు, నాకు తెలుసు. రాత్రి ప్రయాణాలంటే ఆయనకు భయం. ఇవ్వాలా వద్దా నీ ఇష్టం తల్లీ. ఇస్తే నీకు తెలిసి, నువ్వు ఒప్పుకుని ఇవ్వు. వద్దంటే నేను ఆయనతో మాట్లాడతాను.

కారును వారాల తరబడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వదిలేస్తే ఆ సిమ్ యూనిట్ కొంచెం కొంచెంగా 12 వోల్టుల బ్యాటరీని తాగుతుంది. వారానికోసారైనా బయటికి తీసి అరగంట నడుపు. ఆ బ్యాటరీ అసలుదే ఐతే నాలుగేళ్లు దాటింది, మార్చే రోజు దగ్గర్లోనే ఉంది.

శనివారం వాళ్లు కారు తెస్తామన్నారు కదా, పొద్దున్నే రమ్మను. వెలుతురులో చూడొచ్చు, షోరూం కూడా తెరిచి ఉంటుంది. నేను శుక్రవారం రాత్రి బస్సెక్కుతాను. బ్యాటరీ టెస్టర్ తెస్తున్నాను. నీ ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకో, ఆధార్, ఆర్‌సీ కాపీ దగ్గరుంచుకో.

మీ పిన్ని పులిహోర కట్టిస్తానంటోంది.

ఇట్లు,
మీ బాబాయి